హనోరా పనివాడు

హాక్స్‌బరీ నది ఒడ్డున మొగుణ్ణి తిట్టని ఆడది లేదు గానీ, మొగుణ్ణి కొరడాతో కొట్టించగల ఆడది మాత్రం ఆ ఏడు హనోరా క్విలిగన్ ఒక్కతే. ఆ హక్కు ఆవిడకు సర్కారే ఇచ్చింది. ఐర్లండులో ఎవరిదో గొర్రెను కోసుకు తిన్న పాపానికి ఆవిడ మొగుడు తేడీకి ద్వీపాంతర శిక్ష పడింది. ఉన్న పందినీ మంచాన్నీ అమ్ముకుని ఆవిడ కూడా వెనకాలే ఓడెక్కి, సిడ్నీలో దిగి, కాస్త పొలం కౌలుకు పట్టింది. ఖైదీలను రైతులకు పనివాళ్ళుగా పంచిపెట్టే కచేరీకి తిన్నగా వెళ్ళి, నాకూ ఒకణ్ణి ఇప్పించండి, ఫలానా వాణ్ణే ఇప్పించండి అని అర్జీ పెట్టుకుంది. సర్కారు ఇచ్చింది. అలా కట్టుకున్నవాడే కాగితాల మీద ఆవిడకు పనివాడయ్యాడు.

ఇంకే ఆడదయినా సిగ్గుపడేదేమో గానీ, వీళ్ళిద్దరూ దాన్నొక ఆట చేసుకున్నారు. తేడీ పొద్దున్నే టోపీ తీసి, "దొరసానీ, ఇవాళ తమరి ఆజ్ఞ ఏమిటి?" అంటాడు. ఆవిడ, "ముందు పొయ్యి రాజెయ్యి, తర్వాత నీ వీపు సంగతి చూస్తా" అంటుంది. ఏ చిన్న తగువు వచ్చినా ఆవిడ నోట ఒకటే మాట, వీణ్ణి మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోండర్రా అని. దారినపోయే బండివాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. తేడీ బుద్ధిగా ఉంటే వచ్చే వసంతానికి సెలవు చీటీ చేతికొస్తుంది. అది ఉంటే ఎవరి కిందా పనివాడుగా ఉండక్కర్లేదు, తన బతుకు తాను బతకొచ్చు. అంతవరకూ ఇదే వాళ్ళ సరసం.

ఆ దేశంలో నడివేసవి అయిన డిసెంబరు ఎండ మాడ్చేస్తున్న రోజుల్లో, గోధుమ కోతకొచ్చిన వేళ, తేడీ దొడ్డి తలుపు వెయ్యకుండా ఏటికి చేపలకు పోయాడు. పంది బంగాళాదుంప మళ్ళన్నీ పెళ్ళగించింది. తిరిగొచ్చినవాడు చేతిలో రెండు చేపలు ఊపుతూ, "దొరసానీ, పందికి కూడా ఆకలేస్తుంది కదా!" అన్నాడు.

హనోరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోడ్డు మీదికి పరిగెత్తి, ఎదురుపడ్డ జవానుతో అరిచింది. "ఇదిగో బాబూ! వీడు పని చెయ్యడు, చెప్పిన మాట వినడు, పైగా వెటకారం. తీసుకుపోయి వీపు చీరించండి!"

ఆ జవాను పేరు స్పర్లింగ్. ఇంగ్లండు నుంచి దిగి నెల కూడా కాలేదు, ఈ ఊరి వేళాకోళాలు ఇంకా ఒంటబట్టలేదు. జేబులోంచి పెన్సిలు తీసి, ఆవిడ అన్న ప్రతి మాటా శ్రద్ధగా రాసుకున్నాడు. "సరేనమ్మగారూ, గురువారం విచారణ" అని, తేడీ చేతులకు తాడు కట్టి తీసుకుపోయాడు. తేడీ వెనక్కి తిరిగి నవ్వబోయాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పక్క పొలం బ్రిజిడ్ మలేన్ వచ్చేసరికి హనోరా గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది.

"వెళ్ళి అబద్ధమాడానని చెప్పేస్తా బ్రిజిడ్. నా నోటిదూల అని చెప్పేస్తా."

"ఆ పని మాత్రం చెయ్యకక్కా" అంది బ్రిజిడ్. "మావాడూ నా కింద పనివాడే కదా, నేనూ ఇలాగే నోరు జారి, తర్వాత చేసింది అదే. మా ఆయన బంగారం, పొరపాటయింది బాబూ అని కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆ మేజిస్ట్రేటు క్రాడక్ దొర ఏమన్నాడో తెలుసా? పెళ్ళానికి మొగుణ్ణి అదుపులో పెట్టడం చేతకాదని ముందే అనుకున్నానన్నాడు. రోడ్డు పని ముఠాలోకి తోసేశాడు. మావాడు కాళ్ళకి గొలుసులతో కొండల్లో రాళ్ళు కొడుతున్నాడు, మనిషిని చూసి ఏడాది దాటింది."

"పోనీ నిజమేనంటే?"

"కొరడా దెబ్బలు. సెలవు చీటీ కూడా గంగలో కలిసినట్టే."

తేడీ వీపు ఎలా ఉంటుందో హనోరాకు తెలుసు. వచ్చిన కొత్తలో ఎవరో యజమాని కొట్టించిన గుర్తులు దున్నిన చేనులా ఇప్పటికీ ఉన్నాయి. రాత్రిళ్ళు ఆవిడ చెయ్యి వాటి మీదే వేసి పడుకుంటుంది. ఆ వీపు మీదికి మళ్ళీ కొరడాను తన నోటితో తనే పిలిచింది.

విచారణ గదిలో క్రాడక్ దొర చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు వేల గొర్రెలున్నాయి, ఓర్పు మాత్రం లేదు. తేడీ మూల నిలబడ్డాడు. ఖైదీ కాబట్టి అడిగితే తప్ప మాట్లాడకూడదు. స్పర్లింగ్ తను రాసుకున్నది చదివాడు.

"ఇది నిజమేనా? లేక మొగుడని ఇప్పుడు జాలి పుట్టుకొచ్చిందా?" అన్నాడు దొర.

హనోరా తేడీ వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని ఆవిడకు తెలుసు.

"జాలా? వీడి మీదా దొరగారూ? అక్షరం అక్షరం నిజం. నా దుంపలన్నీ పంది పాలు చేశాడు. ఇంటికి యజమానిని నేను. ఊరుకుంటానా?"

తేడీ తల పైకెత్తాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

దొర మొహం మాత్రం వికసించింది. "భేష్. ఆడదానివైనా యజమాని అంటే ఏమిటో తెలిసినదానివే. యాభై దెబ్బలు."

"వెయ్యండి దొరగారూ, నిక్షేపంగా వెయ్యండి. కాకపోతే చిన్న మనవి. నా గోధుమ పండి రాలిపోతోంది. యాభై దెబ్బలు తిన్నవాడు కొడవలి పట్టాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? తప్పు వీడిదీ, నష్టం నాదీనా? తమరూ రైతులే. గొర్రెల బొచ్చు తీసే వేళ తమరి పనివాడి వీపు చీరిస్తే బొచ్చు ఎవరు తీస్తారు?"

దొర గడ్డం గోక్కున్నాడు. కిందటేడు సరిగ్గా ఆ తప్పే చేసి, మంచి పనివాళ్ళు లేక ఆయన గొర్రెల బొచ్చంతా వానకు తడిపించుకున్నాడు.

"మరి శిక్ష లేకుండా వదలమంటావా?"

"ఎంతమాట! వదలడమే?" హనోరా గొంతు పెంచింది. "పిండీ మాంసం అంటే చట్టప్రకారం పెట్టాలి, చచ్చినట్టు పెడతాను. టీ, పంచదార, పొగాకు నా దయ కొద్దీ ఇచ్చేవి. నెల్లాళ్ళు అవన్నీ బంద్! తీపి లేందే వీడికి ప్రాణం నిలవదు. కుక్కలా పడుంటాడు."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. దొర కూడా నవ్వాడు. "కొరడాయే నయం కదమ్మా ఇంతకన్నా! సరే, నెల్లాళ్ళు. ఇది ఇంటి శిక్షే, వాడి సెలవు చీటీకి అడ్డు రాదు. స్పర్లింగ్, అప్పుడప్పుడూ వెళ్ళి చూసిరా. వాడికి టీ పోసినట్టు తెలిస్తే ఊరుకునేది లేదు. పొండి."

ముందు హనోరా, వెనక తేడీ ఇంటిదారి పట్టారు. గోధుమ చేను గట్టెక్కాక ఆవిడ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, అతని చొక్కా రెండు చేతులా పట్టుకుని బావురుమంది.

"నా నోరు పడిపోను. ఇంకెప్పుడూ అననయ్యా ఆ మాట."

"నేనూ తలుపేస్తాలే" అన్నాడు తేడీ. "యాభై అన్నప్పుడు మాత్రం, నిజంగానే కోపమొచ్చింది కాబోలు అనుకున్నానే."

"నిజంగానే వచ్చింది. అన్ని దుంపలూ పోయాయి మరి!"

ఇద్దరూ నవ్వారు. ఎక్కడో చెట్టు మీద, మనిషి నవ్వినట్టే కూసే నవ్వుపిట్ట కూడా అందుకుంది.

సాయంత్రం దాకా కోత కోసి వచ్చి తేడీ బల్ల దగ్గర కూర్చున్నాడు. హనోరా రొట్టె, ఉప్పుమాంసం పెట్టింది. అతని ముందు నీళ్ళ చెంబు, తన ముందు టీ. రోజూ వాడే కప్పు కాదు, పాలు పితికే పెద్ద రేకు గ్లాసు. కిటికీ దగ్గర స్పర్లింగ్ టోపీ కనిపించింది. ఆవిడ తొణక్కుండా గ్లాసెత్తి రెండు గుక్కలు తాగింది. జవాను తృప్తిగా తలాడించి దారిన పోయాడు.

ఆవిడ గ్లాసును అతని వైపు తోసి లేచింది.

"టీ ఆపేశారు కదా దొరసానీ?" అన్నాడు తేడీ మెల్లగా.

"నీకెవడు పోశాడయ్యా టీ? అది నాది. తాగలేక వదిలేశాను. తీసుకెళ్ళి పారబొయ్యి."

ఆవిడ గిన్నెలు తీసే నెపంతో అటు తిరిగింది. తేడీ గ్లాసెత్తి ఒక గుక్క తాగి ఆగిపోయాడు. పెళ్ళయిన నాటి నుంచీ హనోరా టీలో చిటికెడు పంచదార కూడా వేసుకోదు, వేస్తే వాంతి వస్తుందంటుంది. ఈ టీ పాకంలా ఉంది.