బెత్తెడు

పెరటి గుమ్మం నుంచి వెనక గోడ దాకా ముప్పై ఆరు అడుగులు. కూతురు ఇంట్లోనే బట్టలు కుడుతుంది, మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. అయిదడుగుల టేపు. నేల మీద ఏడుసార్లు పరిచి, మిగిలిన అడుగు విడిగా కలిపింది. వెడల్పు సరిగ్గా ఒక టేపు.

“ఇంకోసారి కొలువు. నీ చొక్కాల్లాగా తర్వాత కుట్లు విప్పడం కుదరదు” అన్నాడు ఆమె భర్త.

“నా దగ్గర కుట్లు విప్పించుకున్నది మీరొక్కరే. అది పొట్ట తప్పు, టేపు తప్పు కాదు. ఆ చివర పట్టుకోండి.”

గుమ్మంలో చక్రాల కుర్చీలో తండ్రి ఉన్నాడు. నలభై ఏళ్లు తోటల్లో, పార్కుల్లో బాటలకు రాయి పరిచిన మేస్త్రి. ఎంత రాయి కావాలో స్థలం చూసి చెప్పేవాడు. బండి ఖాళీ అయ్యేసరికి బాట నిండేది, తట్టెడు మిగిలేది కాదు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తల ఊపుతాడు గాని దాన్ని నమ్ముకోవద్దని డాక్టరు చెప్పింది. ఔననుకున్నప్పుడు కాదనీ, కాదనుకున్నప్పుడు ఔననీ ఊగుతుందట. ఇక మిగిలింది ఎడమ చెయ్యి. ఇంట్లో వాళ్లు దాన్నే చూస్తారు.

ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ కాలితో నేలను తన్నుతూ అతను రోజూ వెనక గోడ దాకా వెళ్లేవాడు. అక్కడ రేకుల కింద అతని పార, తట్ట, నేల గట్టిచేసే దిమ్మిస ఉన్నాయి. వాటి దగ్గర కాసేపు కూర్చుని తిరిగొచ్చేవాడు. ఎవరైనా తోస్తే కాలు నేలకు అదిమి ఆగిపోయేవాడు. రోజు మొత్తంలో అతను సొంతంగా చేసే పని అదొక్కటే. వానలు మొదలయ్యాక రెండుసార్లు చక్రాలు బురదలో దిగబడ్డాయి. రెండుసార్లూ అల్లుడు వెనక్కి లాగాడు. రెండోసారి తండ్రి ఆ పూట అన్నం ముట్టలేదు. అందుకే ఈ బాట.

“నాన్నా, గులకరాయి వేయిస్తున్నాం. నున్నటిది, టైర్లకు గుచ్చుకోదు. మందం ఎంత వెయ్యమంటావు?”

తండ్రి ఎడమ చెయ్యి ఎత్తాడు. బొటనవేలు ముడిచి, నాలుగు వేళ్లు కలిపి, అరచెయ్యి ఆమె వైపు.

“బెత్తెడు” అంది కూతురు.

ఆమెకు తెలిసిన లెక్కే. చిన్నప్పుడు అతని పని దగ్గర ఆడుకుంటూ విన్నది: మనుషులు నడిచే బాటకు రెండు వేళ్లు, బండి తిరిగే బాటకు బెత్తెడు. కుర్చీకి చక్రాలున్నాయి. బండే కదా.

చొక్కా కొలతల పుస్తకంలో వెనక పేజీ తీసి రాసుకుంది. ముప్పై ఆరును అయిదుతో గుణిస్తే నూట ఎనభై. బెత్తెడంటే మూడంగుళాలు, అడుగులో పావు. నూట ఎనభైలో పావు నలభై అయిదు ఘనపుటడుగులు. దాని మీద నేల వాటా. పదికి ఒకటి నేల మింగుతుంది, అది కలపనివాడు మేస్త్రి కాదు అనేవాడు తండ్రి. మొత్తం యాభై.

అల్లుడు రెండు రోజులు బెత్తెడు లోతున మట్టి తవ్వాడు. తవ్వుతున్నంతసేపూ గుమ్మంలో ఆ చెయ్యి లేస్తూనే ఉంది.

“మీ నాన్నకు నా పని నచ్చట్లేదు. ఇంకా లోతు కావాలంటున్నాడు.”

“ఆయన దగ్గర పనిచేసిన వాళ్లెవరికీ సెలవు దొరకలేదు. తవ్వండి.”

“అల్లుడికి కూడానా?”

“అల్లుడికి అసలే దొరకదు.”

మూడో రోజు పొద్దున రాయి వచ్చింది. మధ్యాహ్నానికి పరిచారు. చివరి తట్ట గోడ దగ్గర బోర్లిస్తే అంచుకు సరిపోయింది. బండి డ్రైవరు ఖాళీ తొట్టిలోకి తొంగి చూశాడు.

“లెక్క ఎవరు కట్టారమ్మా? ఎప్పుడూ అరబండి మిగులుతుంది, లేదా ఇంకోసారి తిప్పుతారు.”

“మా నాన్న, బాటల మేస్త్రి” అంది కూతురు.

అల్లుడు కుర్చీని గుమ్మం దించి బాట మొదట్లో పెట్టాడు. “ఇక మీదే మామయ్యా. ఎవరూ ముట్టుకోం.”

తండ్రి కదలలేదు. కూతురు చక్రాల బ్రేకు తీసింది. అతను ఎడమ కాలు రాళ్ల మీద పెట్టి తన్నాడు. రాళ్లు మడమ కింద దొర్లి వెనక్కి పోయాయి. చక్రం తిప్పాడు. ముందున్న చిన్న చక్రాలు రెండూ రాళ్లలోకి దిగాయి. మళ్లీ తిప్పాడు. ఎడమ చక్రం ఉన్నచోటే తిరిగి గుంట చేసుకుంది. అడుగు దూరం కూడా రాలేదు.

“రాయి సర్దుకోవాలి. రెండు రోజులు తొక్కితే గట్టిపడుతుంది” అన్నాడు అల్లుడు.

“గులకరాయి గట్టిపడదండీ. గుండ్రాయి కదా, ఒకదాన్నొకటి పట్టుకోదు” అన్నాడు డ్రైవరు. “ఎన్నాళ్లు తొక్కినా అంతే. మేస్త్రిగారికి తెలిసుండాలే.”

కూతురు తండ్రి వైపు చూసింది. అతను చెయ్యి ఎత్తాడు. నాలుగు వేళ్లు కలిపి, అరచెయ్యి ఆమె వైపు. మూడు రోజులుగా చూస్తున్న చెయ్యే.

“బెత్తెడు కాదు” అంది ఆమె. “వద్దంటున్నాడు.”

అల్లుడు కుర్చీ పిడి పట్టుకున్నాడు. తండ్రి కాలు అదమలేదు. లాగితే వెనక్కి వచ్చేశాడు.

రాత్రి అన్నాలప్పుడు ఆమె అతని కంచంలో రెండు గరిటెలు వడ్డించింది. మూడోది తీసేసరికి ఆ చెయ్యి లేచింది. ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఇంకొంచెం అనుకుని పెడుతూ వచ్చింది. పెట్టిందల్లా అతను తిన్నాడు.

“పెట్టనా నాన్నా, వద్దా?”

తండ్రి తల ఊపాడు. గరిటె కంచం మీద ఆగిపోయింది.