మెత్తని అర్జీ

పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే కొట్టారు. భోజనం వేళ అరగంట నీడపట్టున కూర్చోనివ్వమని గోదాము హమాలీలు గేటు ముందు బైఠాయించారు. అంతే వాళ్ల నేరం. ఇన్‌స్పెక్టరు వాళ్లలో పెద్దాయన్ని మెడపట్టి స్టేషను మెట్లదాకా ఈడ్చుకొచ్చి, చెవిమీద లాఠీతో మూడు దెబ్బలు వేశాడు. ఎదుటి అరుగుమీద బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టే, అందరూ బాబాయని పిలిచే ముసలాయన అంతా చూసి, తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు పెద్దాయన భార్య వచ్చింది.

"కొట్టారని రాయి బాబాయ్. చెవిలోంచి నెత్తురు కారిందని రాయి."

పోలీసుమీద ఫిర్యాదు పోలీసు చేతికే ఇవ్వాలి, వాళ్లు ముద్ర వేశాకే విచారణ సంఘానికి పోతుంది. గట్టిగా రాస్తే గుమ్మంలోనే తిప్పికొడతారని, బాబాయి అలవాటు కొద్దీ మెత్తగా రాశాడు: "దురుసుగా ప్రవర్తించారు." అలవాటు సగమే, మిగతా సగం భయం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చదువురాని ఆ ఇల్లాలు వేలిముద్ర వేసి, దండం పెట్టి వెళ్లింది.

మూడు నెలలకు జవాబొచ్చింది. చదివించుకోవడానికి హమాలీలంతా వచ్చారు. బాబాయి కాగితం విప్పి పైకి చదివాడు.

"కొట్టినట్టు ఫిర్యాదులో లేదు కనుక, మర్యాదగా మెలగమని ఇన్‌స్పెక్టరుకు సలహా ఇచ్చి ముగించడమైనది."

మర్యాదట! చెవి పోగొట్టినవాడికి మర్యాద పాఠాలు!

"దొంగ వెధవలు! మన మాట మింగేశారు," అని అరిచాడు పొట్టోడనే హమాలీ.

అవునంటే సరిపోయేది. చదువొచ్చింది తనొక్కడికే. కానీ పెద్దాయన, చదివింది సరిగ్గా వినపడక, గెలిచామనుకుని తనవైపే చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముందు బాబాయి సిగ్గుతో చచ్చిపోయాడు.

"వాళ్లు కాదురా. నేనే రాయలేదు. భయపడ్డాను."

పొట్టోడు బాబాయి చొక్కా పట్టుకున్నాడు. పెద్దాయన భార్య ఆ చెయ్యి విడిపించింది.

"నిన్ను నమ్మి వేలిముద్ర వేశాను కదయ్యా," అంది. తెల్లకాగితం ఆయన ముందుకు తోసి, "కూర్చో. మళ్లీ రాయి. ఒక్కో ముక్కా పైకి చదువు. మేం సరేనంటేనే తర్వాతి ముక్క."

"ముగించింది తెరవాలంటే కొత్త సాక్షి కావాలమ్మా. మీతో సంబంధం లేనివాడు."

"ఎవరున్నారు?"

బాబాయి కలం తీశాడు. అందరూ ఆయనవైపే చూస్తున్నారు. ఒక్కో ముక్కా చదివి వినిపిస్తూ అర్జీ పూర్తిచేసి, అడుగున సాక్షిగా తన పేరు రాశాడు.

సాయంత్రం బాబాయి హమాలీలతో కలిసి స్టేషనుకు తెచ్చిన ఆ కాగితం చదివి ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు.

"నీకెందుకయ్యా ముసలోడా? రేపట్నుంచి ఆ అరుగుమీద నీ బల్ల ఉండదు, తెలుసా?"

"ఉండకపోనీండి. మీరు కొట్టారు. కళ్లారా చూశాను. అప్పుడే చెప్పాల్సింది."

మెడమీద చెయ్యి వేసి బాబాయిని లాకప్పులోకి తోశారు. తలుపు పడింది. బాబాయి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. గుండెలో బరువేమీ దిగలేదు. మూడు నెలలు ఆలస్యం చేసినవాడికి అంత సులువుగా దిగుతుందా?

బయట చెప్పుల చప్పుడు. ఎవరూ పోవడం లేదు, కూర్చుంటున్నారు. పెద్దాయన భార్య గొంతు వినిపించింది.

"ఇప్పుడు తోసింది మేమంతా చూశాం. రాసేవాణ్ణి లోపలేశారుగా, మేం చెబుతాం, మీరే రాసుకోండి. ఒక్కొక్కరిదీ రాయాలి. నలభై మందిమి ఉన్నాం."