నెమ్మదిగా ఉంది

కొత్త కంప్యూటరు బిగించి మా ఆయన అన్న మాట: "ఇక చూడు, నొక్కడమే ఆలస్యం!" నొక్కాను. ఆలస్యం నొక్కడంలో లేదని అప్పుడు తెలిసింది. తెర మీద ఒక చక్రం గిర్రున తిరిగి తిరిగి, నా ప్రాణం తోడేసి, చివరికి సగం పేజీ చూపించి ఊరుకుంది.

మామూలు రోజైతే నాలుగు తిట్లు తిట్టి లేచిపోయేదాన్ని. కానీ మర్నాడు సాయంత్రం నాలుగింటికి నాకు పరీక్ష. ఇంట్లో కూర్చుని పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం. నేను పాఠం ఎలా చెబుతానో ట్యూషన్ కంపెనీవాళ్ళు తెర అవతల నుంచి చూస్తారు. మధ్యలో నా బొమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నేను పనిచేసే స్కూలు మూతపడ్డ దగ్గర్నుంచీ ఖాళీగా ఉన్నాను. ఈ ఉద్యోగం నాకు కావాలి, అంతే.

వెంటనే నెట్ కంపెనీకి ఫిర్యాదు చేశాను. "మా వైపు నుంచి మేం చూస్తాం, మీ వైపు నుంచి మీరూ చూసుకోండి" అన్నారు. సరే, మర్నాడు పొద్దున్నే నడుం బిగించాను. కంప్యూటరుతో పాటు ఊరికే వచ్చిన చెత్తంతా, ఆటలూ, వాతావరణం చెప్పేదీ, అడక్కుండానే వైరస్‌లు వెతికేదీ, ఒక్కొక్కటే పీకేశాను. తనంతట తాను ఏదో అప్‌డేట్ దింపుకుంటుంటే ఆపాను. ఇనప బీరువా వెనక నక్కిన రౌటర్ని తెచ్చి బల్ల మీద పెట్టాను. పేజీలు టకటకా తెరుచుకున్నాయి! నా భుజం నేనే తట్టుకున్నాను.

పావుగంట తిరక్కుండా నెట్ పుటుక్కున పోయింది. మళ్ళీ వచ్చింది, కానీ నత్తలా. ఏవేవో నొక్కాను, తీగలు ఊడదీసి పెట్టాను, కాసేపటికి దానంతటదే పుంజుకుంది. హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ పోయింది. పొద్దంతా ఇదే వరస. బాగుపడ్డ ప్రతిసారీ ఎవరో కాచుకుని కూర్చుని దాని పీక నొక్కుతున్నట్టుంది. ఇది తీగ తప్పా, కంప్యూటరు తప్పా, నా జాతకమా? ఆఫీసులో ఉన్న మా ఆయనకి ఫోన్ చేస్తే "ఆపి మళ్ళీ పెట్టు" అన్నాడు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. పెళ్ళైన కొత్తలో మిక్సీ పాడైతే దానికీ అదే చెప్పాడు.

నాలుగు కావస్తుండగా నెట్ మళ్ళీ దారికొచ్చింది. దాన్ని కదపడానికే భయమేసి, మంచినీళ్ళ కోసం పిల్లిలా వంటింట్లోకి నడిచాను. పక్కగదిలో అత్తయ్య మంచం మీద పడుకుని ఫోన్లో మాట్లాడుతోంది.

"ఆఁ, నెమ్మదే తల్లీ. నిన్నటి కంటే చాలా నెమ్మది. మీరింత శ్రద్ధగా చూస్తుంటే ఇంకేం కావాలి?"

"ఎవరత్తయ్యా?" అన్నాను.

ఆవిడ ఫోను చేత్తో మూసి, "ఆస్పత్రి పిల్లే. పొద్దున్నుంచీ ఎన్నిసార్లు చేసిందో! ఎలా ఉందమ్మా, ఇంకా నెమ్మదేనా అంటుంది. మేం చూసుకుంటాం, కంగారుపడకండి అంటుంది. ఎవరు కన్న బిడ్డో" అంది.

నాకు తల తిరిగిపోయింది. నా ఫోనులో ఛార్జింగ్ నిలవదని ఫిర్యాదులో అత్తయ్య నంబరిచ్చాను. ఆ ముక్క ఆవిడకి చెప్పడం మర్చిపోయాను.

ఫోను లాక్కున్నంత పని చేశాను. "అమ్మా తల్లీ, ఇక్కడ నెట్ శుభ్రంగా పరిగెడుతోంది. దయచేసి ఇంకేమీ ముట్టుకోకండి!"

అవతలి అమ్మాయి బిత్తరపోయింది. "అదేంటి మేడమ్? నెమ్మదిగా ఉంది, నెమ్మదిగా ఉంది అని అమ్మగారు చెబుతుంటేనే కదా, పొద్దున్నుంచీ లైను మార్చి మార్చి చూస్తున్నాం?"

"ఆవిడ చెప్పింది తన జ్వరం సంగతి!"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అయ్యో, జ్వరమా? తగ్గిందా మేడమ్ ఇప్పుడు?"

సోమవారం మా ఆయన డాక్టరుకి చూపించి మాత్రలు తెచ్చాడు. ఆ తర్వాత ఆ జ్వరం ఏమైందో నేను అడగలేదు. అత్తయ్య నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది.

"ఇదేంటత్తయ్యా, నెమ్మదిగా ఉందన్నారుగా!"

"పాపం, ఆ పిల్ల అంత ఆత్రంగా అడుగుతుంటే తగ్గలేదని ఎలా చెప్పనే? బాధపడదూ?"

"మరి నాకైనా చెప్పొచ్చుగా?"

"నువ్వడగలేదుగా" అంది మామూలుగానే. నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది, తిరిగి నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

మాత్ర వేశాను. గుడ్డ తడిపి నుదుటి మీద పరిచాను. సాయంత్రం మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, త్వరగా రమ్మని మా ఆయనకి చెప్పాను. కంప్యూటరు ముందు కూర్చునేసరికి నాలుగు దాటింది. తెర మీద ఇద్దరు, చిన్న తడబాటైనా లేకుండా, అద్దంలో కనబడ్డట్టు కనబడుతున్నారు.

"ఆలస్యమైంది. నెట్ సమస్యా?" అంది పెద్దావిడ. అవునంటే సరిపోయేది. అందరూ చెప్పేదే, ఎవరూ తప్పు పట్టరు.

"కాదండీ. మా అత్తగారికి జ్వరం. నేను ఇందాకే చూశాను."