అంతోనివారి కుడికాలు

ఆ ఎండాకాలం నా రెండేళ్ల కూతురు దీవెనకు వీపు నిండా సెగ్గడ్డలు లేచాయి. వేంపల్లె డాక్టరు ఇచ్చిన మందు పూస్తూనే ఉన్నా మా అత్త వరమ్మ ఊరుకోలేదు.

"అంతోనివారి కాలు సూళ్లేదా మే? రంగు పోయినకాడ ఎర్రగా ఉండాది. ఎర్రచందనం మాను అది. ఇంత గీకి పాలల్లో తాపు. ఊరికే ఊడ్సేదానికేనా నువ్వు చర్చికి పోయేది?"

మా చర్చి ఊడ్చేది నేనే. చెక్కతో చేసిన పునీత అంతోనివారు పీఠం మీద బాలయేసును ఎత్తుకుని నిలబడి ఉంటారు. అందరూ తాకి మొక్కీ మొక్కీ కుడిపాదం మీద పైరంగు అరిగిపోయింది. బ్లేడుతో గీకితే కుంకుమలాంటి పొడి రాలింది. రోజూ చిటికెడు వేసేదాన్ని. గులాబీ రంగు పాలని దీవెన ఇష్టంగా తాగేది.

పదిరోజులకు గడ్డలు మానాయి. అత్త ఊరంతా చెప్పుకుంది, అంతోనివారి పండగ దాకా తాపిస్తామని మొక్కుకుంది. ఆ తర్వాత బిడ్డకు వాంతులు పట్టుకున్నాయి. పరుగెత్తే పిల్ల గోడ పట్టుకుని కూలబడిపోయేది.

"ఆపేద్దామా అత్తా?"

"మొక్కు నడాన ఇడిస్తే ఆయప్పకు కోపం రాదా? నీకు నమ్మకం తక్కువ, అందుకే బిడ్డకు పట్టలేదు. రెండు చిటికెలెయ్యి."

ఆ మాటకు భయపడి మూడు వేశాను.

పండగ ముందు, బొమ్మ చెక్కిన గాబ్రియేలు తాత రాయచోటి నుంచి రంగులేయడానికి వచ్చాడు. పాదం చూసి నవ్వాడు.

"ఎలకలు గాని కొరికినాయామ్మా? కొరికింటే ఈడనే సచ్చి పడుండాల."

"ఎందుకు తాతా?"

"చెదలు పట్టకుండా అడుగున సీసంతో చేసే సిందూరం దట్టంగా పూసినా. శానా విషం అది. దానిమీదనే ఒంటిరంగు."

"ఎర్రచందనం కాదా?"

"వేపమానమ్మా! ఎర్రచందనమైతే పోలీసోళ్లు సామినే జీపెక్కిచ్చుకోని పోతారు!"

చంకలో ఉన్న దీవెన తల నా భుజం మీద వాలిపోయి ఉంది. అలాగే బస్సెక్కి కడప ఆసుపత్రికి పరుగెత్తాను. ఏం తాపించావని డాక్టరమ్మ అడిగితే అంతా చెప్పాను. ప్రాణం దక్కింది. కాళ్లు మాత్రం నిలబడలేదు.

పండగనాడు కొత్తగా రంగేసిన పాదాలతో అంతోనివారు తేరెక్కి మా వీధికి వచ్చారు. బిడ్డను ఎత్తుకుని గడపలో నిలుచున్నాను. అత్త పక్కింటి గంగక్కకు నన్ను చూపించింది.

"సామి కాలు గీకిందక్కా ఇది. ఆయప్ప దీని బిడ్డ కాళ్లు తీసుకున్యాడు."