ఏడో గది కుర్చీ

నలభయ్యో దిండు నేలమీద వేసి, ఒడ్వార్ నడుం పట్టుకుని నిటారుగా నిలబడి పై కిటికీ వంక చూశాడు. వాన. బెర్గెన్‌లో వాన పడుతోందని చెప్పడం చేప తడిగా ఉందని చెప్పడం లాంటిదే. అయినా ఈ ఒక్క పూటైనా తెరిపివ్వకూడదా అని అతనికి ఒళ్ళు మండింది.

చిత్రాలయంలోని ఆ ఏడో గదిలో ఒకే ఒక్క బొమ్మ ఉంది. గోడంత పొడవు, అంతా బూడిదరంగు. పదిహేనేళ్ళుగా దానికి అతనే కాపలా. ఇవాళ్టితో ఆ ఉద్యోగం సరి.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఫెర్రీ మీద తాళ్ళు విసిరాడు, కార్లు ఎక్కించాడు, దించాడు. సముద్రపు పాయకి అడ్డంగా వంతెన పడగానే ఫెర్రీ ఒడ్డెక్కింది, దాంతోపాటు ఒడ్వారూ ఒడ్డెక్కాడు. యాభై రెండేళ్ళవాడికి పనెవరిస్తారు? చిత్రాలయం వాళ్ళు నల్లకోటూ, గుమ్మం పక్కన కుర్చీ ఇచ్చారు. కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చోవాలి. బొమ్మను కాదు, బొమ్మ చూడవచ్చినవాళ్ళ చేతుల్ని చూడాలి. గదిలో మనుషులుండగా కుర్చీ వదలకూడదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి కాబట్టి ఆ కుర్చీ అతనికి ఇల్లంత అలవాటైపోయింది.

మొదటి ఏడాది మార్చిలో ఒకరోజు, పదకొండు దాటాక, పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బొమ్మమీద పడింది. బూడిదరంగు అడుగునుంచి చిన్న ఎర్రని చుక్క వెలిగింది. నాలుగు నిమిషాలుండి మాయమైంది. సూర్యుడు ఆ ఎత్తుకి వచ్చేది ఏడాదికి రెండు వారాలే, చలి వెనకపట్టు పట్టేటప్పుడు ఒకటి, మళ్ళీ ఆకులు రాలేటప్పుడు ఒకటి. ఇది ఆ వారాల్లో ఒకటే, కానీ ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఎండ కాయాలంటే రాసిపెట్టి ఉండాలి. పదిహేనేళ్ళలో నాలుగే నాలుగుసార్లు కనబడింది. కనబడ్డప్పుడల్లా, కదిలితే పోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

అది మరక కాదని ఫెర్రీ మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. పడవకి ఎడమపక్క ఎర్రదీపం, కుడిపక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి. రెండూ కనిపిస్తే పడవ నీకేసి వస్తున్నట్టు. ఎరుపొక్కటే కనిపిస్తే అడ్డంగా తన దారిన తను పోతున్నట్టు. ఈ పడవ పోతోంది. ఎవరిదది? ఎక్కడికి పోతోంది? బొమ్మ వేసిన సిగ్నే హావ్‌లాండ్ ఇవాళ మొదటిసారి ఈ గదికి వస్తోంది. ముందు అందరూ కలిసి ధ్యానం చేస్తారు, తరవాత ఆవిడతో మాటామంతీ. అడిగితే ఇవాళే అడగాలి.

పక్కగది కాపలా మరీట్ గుమ్మంలోంచి తల పెట్టింది.

"ఏం పెద్దాయనా, ఆకాశంకేసి అలా గుడ్లురుముతున్నావ్? జడుసుకుని వాన ఆగిపోద్దనా?"

"ఆగితే నీ సొమ్మేం పోయింది?"

"మళ్ళీ ఆ చుక్కేనా? కళ్ళజోడు మార్చుకోవయ్యా అంటే వినవు. పోనీ ఆవిడే వస్తోందిగా, అడిగెయ్."

"కాపలావాణ్ణి, నేనా అడిగేది?"

"కాపలావాడికి నోరుండకూడదని ఎక్కడైనా రాసుందా?"

సిగ్నే కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చింది. ఎనభై మూడేళ్ళ మోకాళ్ళు దిండుమీద కూర్చోనివ్వవు కనక ఒడ్వార్ బల్ల తెచ్చి వేశాడు.

"ఇంకాస్త ఎడమకి జరపండి," అంది ఆవిడ. "ఇంకాస్త. ఆఁ, అక్కడే."

ఇప్పుడే అడగాలి. నోరు తెరిచాడు. "కాఫీ ఏమైనా తెమ్మంటారా?" అనగలిగాడు, అంతే. తనమీద తనకే అసహ్యం వేసింది.

పదకొండుకి ధ్యానం గంట మోగింది. నలభైమంది కళ్ళు మూసుకున్నారు. కాపలావాడు మూసుకోకూడదు. కప్పుమీద చినుకుల చప్పుడు పలచబడింది. కాసేపటికి పూర్తిగా ఆగింది. కిటికీ అద్దం తెల్లబడింది, తరవాత పసుపెక్కింది. ఎండ గోడమీదికి జారి, బూడిదరంగులో దూరి, ఎర్రని చుక్కను వెలిగించింది.

ఒడ్వార్ ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టాడు. నలభైమంది ఊపిరి ఒక్క ఊపిరిగా వినబడుతోంది. అందరి ముందూ ఆ దీపం వెలుగుతోంది, చూసేవాడు తనొక్కడే.

ఒక్కడే కాదు. సిగ్నే కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిడ చూస్తున్నది బొమ్మను కాదు, అతని ముఖాన్ని. వేలు కదిపి రమ్మంది.

పదిహేనేళ్ళలో మొదటిసారి, గది నిండా మనుషులుండగా, ఒడ్వార్ కుర్చీ వదిలాడు. తడిసిన డెక్కుమీద నడిచినట్టు దిండ్ల మధ్య అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాడు. ఆవిడ జరిగి చోటిచ్చింది. కూర్చుని తలెత్తాడు.

ఎరుపుకి ఎడమపక్కన ఆకుపచ్చ దీపం.

రెండూ వెలుగుతున్నాయి. పడవ సూటిగా ఇటే వస్తోంది. ఒడ్డున తాడందుకోవడానికి నిలబడ్డవాడిలా అతని చేతులు వాటంతటవే ముందుకి లేచాయి. కళ్ళు నిండి దీపాలు అలుక్కుపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"మా నాన్నది," ఆవిడ చెవిదగ్గర గొణిగింది.

"తిరిగొచ్చారా?"

"లేదు. అందుకే ఇక్కడ వస్తూ ఉంటాడు."

"ఇంకెవరికి తెలుసు?"

"మీతో కలిపి ఇద్దరం."

గంట మోగేసరికి గోడ మళ్ళీ బూడిదరంగే. జనం కళ్ళు నులుముకున్నారు. కాపలావాడు బల్లమీద కూర్చుని ఉండటం చూసి గుమ్మంలో మరీట్ నోరు తెరిచింది. మెడకి శాలువా చుట్టుకున్న ఒకాయన మొదటి ప్రశ్న అడిగాడు. "మీ బొమ్మలోని ఈ శూన్యాన్ని మేమెలా అర్థం చేసుకోవాలండీ?"

"శూన్యమా?" అంది సిగ్నే. "అక్కడ రాకపోకలు బాగానే ఉన్నాయండీ. కావాలంటే ఈయన్నడగండి."

అందరూ అతనికేసి తిరిగారు. ఈసారి అతను కాఫీ ఊసెత్తలేదు.

"ఎండ కాసినరోజు రండి," అన్నాడు ఒడ్వార్. "కళ్ళు మాత్రం మూసుకోకండి."

సాయంత్రం అయిదింటికి దిండ్లన్నీ సర్ది, నల్లకోటు మరీట్ చేతికిచ్చాడు. ఆమె కోటు భుజాన వేసుకుని అతన్ని కావలించుకుంది. బయట రాళ్ళబాట ఎండలో మెరుస్తోంది. అతను వెనక్కి చూడకుండా రేవువైపు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున మరీట్ ఏడో గది తలుపు తీసింది. కాపలా కుర్చీ గుమ్మం పక్కన లేదు. ఎడమగా, సరిగ్గా బల్ల వేసిన చోట, బొమ్మకేసి తిరిగి ఉంది. దాని వీపుకి, పదిహేనేళ్ళుగా ఒక్కపూట కూడా అతని చెయ్యి వదలని నల్లగొడుగు వేలాడుతోంది.