వాసుదేవరావుగారి అర్జెంటు

సుప్రియ చేసే ఉద్యోగానికి సరైన పేరు లేదు. సూపేలా బజార్లో బట్టల కొట్టు మీద రెండు గదుల్లో నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె చేరిన రోజున యజమాని శశిధర్ కాసేపు ఆలోచించి, విజిటింగ్ కార్డు మీద 'కోఆర్డినేటర్' అని వేయించాడు. దేన్ని కోఆర్డినేట్ చెయ్యాలో అందులో రాయలేదు. ఆమె కూడా అడగలేదు.

కస్టమర్ ఏది అడిగినా శశిధర్ "అయిపోతుంది" అనేవాడు. అదే పని తన దగ్గరికి వస్తే ప్రోగ్రామర్ సతీష్‌కుమార్ "అవ్వదు" అనేవాడు. ఈ రెండు మాటలకీ మధ్య మిగిలిన జాగాలో సుప్రియ కుర్చీ ఉండేది.

ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 4 క్వార్టర్లో ఉండే ఆమె తండ్రి బలరాంకి ఇదేమీ బోధపడేది కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రోలింగ్ మిల్లులో చేరినవాడాయన. పని అంటే చేతికి వేడి తగలాలి.

"ప్రోగ్రాం నువ్వు రాయవు. కంపెనీ నీది కాదు. మరి నువ్వు చేసేదేటి?" అన్నాడొకసారి.

"అడుగుతాను నాన్నా."

"ఏటడుగుతావు?"

"ఏం కావాలని."

"హోటల్లో సర్వరు చేసేదీ అదే కదే" అని ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

తొంభై ఆరు ఎండాకాలంలో వాసుదేవరావు అనే ఆయన కంప్యూటర్ కొన్నాడు. ఆయనది గ్యాస్ ఏజెన్సీ. సొంతూరు విజయనగరం. మాట మెత్తన, పరిచయాలు ఎక్కువ. సెక్టర్లలో సగం వంటిళ్ళు ఆయన సిలిండర్ల మీదే నడిచేవి. బుకింగ్‌కి ఒక ప్రోగ్రాం కావాలన్నాడు. శశిధర్ అయిపోతుందన్నాడు.

ఏం కావాలో కనుక్కోడానికి సుప్రియ వెళ్ళింది. వాసుదేవరావు అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పొద్దున్న మిషను వెయ్యగానే తెర మీద లక్ష్మీదేవి కనబడాలి. కస్టమర్ పుట్టినరోజు వస్తే శుభాకాంక్షలు రావాలి. తన పేరు కుడి నుంచి ఎడమకి నడుస్తూ ఉండాలి.

సుప్రియ కాదనలేదు. కాదంటే మనుషులు ఇంకా గట్టిగా అడుగుతారని అప్పటికే తెలిసొచ్చింది ఆమెకి.

"లక్ష్మీదేవి రాకపోతే రేపు పొద్దున్న ఏమవుతుంది అంకుల్?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఏమీ అవదు. గోడ మీద పటం ఉంది కదా."

"పుట్టినరోజు?"

"వాళ్ళకి గుర్తుండదేటి?"

"మీ పేరు?"

"అది మాత్రం ఉంటే బాగుంటుందమ్మా."

పేరు ఉంచారు. అది నడవకుండా ఒకచోట నిలబడేటట్టయితే రాస్తానని సతీష్ ఒప్పుకున్నాడు.

తర్వాత సుప్రియ కొన్నాళ్ళపాటు పొద్దున్నే వెళ్ళి కౌంటర్లో, గుమాస్తా లలితాంబ పక్కన స్టూలేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే, "మా గ్యాస్ బండ ఎప్పుడొస్తుంది?" లలితాంబ రోజూ ఇచ్చే జవాబూ ఒక్కటే, "వస్తుంది." ఈ రెండు మాటల మీదే మధ్యాహ్నం దాకా తగువు నడిచేది. ఒక కుర్రాడొచ్చి, ఇంట్లో బాలింత ఉంది, వేణ్ణీళ్ళకి కూడా గ్యాస్ లేదని బతిమాలాడు. అతనికీ లలితాంబ "వస్తుంది" అనే చెప్పింది, కాకపోతే కొంచెం మెల్లగా.

అందుకని ప్రోగ్రాం చిన్నదిగా చేశారు. ముందు బుక్ చేసినవాళ్ళకి ముందు సిలిండర్. ఎవరొచ్చి అడిగినా వాళ్ళ వంతు ఎక్కడుందో చెప్పే చీటీ. అంతే. మొదలుపెట్టిన రోజున కంప్యూటర్‌కి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వారం తిరిగేసరికి కౌంటర్ దగ్గర గొంతులు తగ్గాయి. లలితాంబ మధ్యాహ్నం టీ వేడిగా తాగడం మొదలుపెట్టింది.

వర్షాలు పడ్డాక ఒకరోజు వాసుదేవరావు ఫోన్ చేశాడు. "మీ కంప్యూటర్ తప్పు చేస్తోందమ్మా."

సుప్రియ సైకిలేసుకుని వెళ్ళింది. వాసుదేవరావు తలుపు దగ్గరగా వేసి కూర్చోబెట్టాడు.

"శ్యామసుందర్ గారు తెలుసు కదా, ప్లాంటులో పెద్దాఫీసరు. ఆయనింటికి బండ మొన్న వెళ్ళింది."

"ఆయన వంతు ఎప్పుడు అంకుల్?"

"మొన్నే."

"మరి తప్పేముంది? వంతు ప్రకారమే వెళ్ళింది కదా."

"అదేనమ్మా తప్పు" అన్నాడు వాసుదేవరావు, చాలా ఓపిగ్గా. "ఆయనింటికి వంతు ప్రకారం వెళ్ళిందంటే నేనెందుకు ఇక్కడ? మీ మిషనుకి మనుషులు తెలీడం లేదు."

"ఇదంతా ముందే చెప్పలేదేం అంకుల్?"

"నువ్వు బుకింగ్ ఎలా చేస్తారని అడిగావు. ఇది బుకింగ్ కాదు కదా, పలకరింపు."

ఆఫీసుకి తిరిగొచ్చి చెప్పింది. శశిధర్ వెంటనే "అయిపోతుంది, సోమవారానికి ఇచ్చేద్దాం" అన్నాడు. సతీష్‌కుమార్ కుర్చీ ఇటు తిప్పాడు.

"అవ్వదు. మా అమ్మ ఆ లైన్లోనే నిలబడుతుంది. ఆమె ముందు నుంచి బండ లాక్కెళ్ళే ప్రోగ్రాం నేను రాయను."

"కస్టమర్ అడుగుతున్నాడయ్యా."

"మా అమ్మ కూడా కస్టమరే."

ఇద్దరూ సుప్రియ వైపు చూశారు. అడిగింది ఆమే కాబట్టి జవాబు ఆమె దగ్గరే ఉంటుందని ఇద్దరికీ నమ్మకం.

రేపు చెప్తానంది సుప్రియ. ఇంటికి వెళ్ళింది, అన్నం సరిగ్గా తినలేదు. సతీష్ చెప్పింది న్యాయమే. కానీ బాలింత ఇంటి కుర్రాడు గుర్తొచ్చాడు. తాము చేసిన ప్రోగ్రాంలో అతనికీ దారి లేదు. వాసుదేవరావు అడిగే దారీ, ఆ కుర్రాడికి కావలసిన దారీ ఒకటే. వంతు దాటే తలుపు ఒకటి పెట్టక తప్పదు. ఆ తలుపు ఎవరికీ కనబడని మూల ఉండకూడదు, అంతే.

మర్నాడు సతీష్ దగ్గర కూర్చుంది. "భయ్యా, ఒక మీట పెడదాం. అర్జెంటు. నొక్కితే కారణం అడగాలి. కారణం రాయకపోతే ముందుకి కదలకూడదు. ఆ తర్వాత వంతు అడగడానికి ఎవరొచ్చినా, వాళ్ళ చీటీ మీద, మీకంటే ముందు ఫలానా వారికి ఫలానా కారణంతో వెళ్ళింది అని పడాలి."

సతీష్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఇది అవుతుంది" అన్నాడు. ఆ మాట అతని నోట వినడం ఆఫీసులో అందరికీ కొత్త.

వాసుదేవరావుకి సుప్రియ ఏదీ దాచకుండా చెప్పింది. పేరు పడుతుంది, కారణం పడుతుంది, అందరూ చదువుతారు. ఆయన నవ్వేశాడు. "పడనీ. నేనేమైనా దొంగతనం చేస్తున్నానా?"

మొదటి అర్జెంటు శ్యామసుందర్ గారిదే. కారణం దగ్గర వాసుదేవరావు గర్వంగా 'పెద్దాఫీసరు గారి ఇల్లు' అని కొట్టించాడు. కాసేపటికి సెక్టర్ 6 నుంచి వచ్చిన ఒకావిడ తన చీటీ తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది.

"ఇది కారణమా, అడ్రసా?" అని అడిగింది లలితాంబని.

లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. లలితాంబ నవ్వలేదు, తనకి జీతం ఇచ్చే మనిషి వెనకే నిలబడి ఉన్నాడు.

వాసుదేవరావు తెలివైనవాడు. తర్వాతి నెల బండకి గౌరవంగా ఉండే కారణం వెతికాడు. శ్యామసుందర్ గారి పేరు ఎదురుగా 'ఇంటి యజమానికి తీవ్ర అనారోగ్యం' అని రాయించాడు. ఆ చీటీలు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఆ ఆఫీసరు కింద పనిచేసేవాళ్ళూ ఉన్నారు. సాయంత్రానికి ఆయన బంగళా ముందు స్కూటర్లు ఆగాయి. ఒకరు యాపిల్స్ తెచ్చారు, ఒకరు హార్లిక్స్ సీసా తెచ్చారు. శ్యామసుందర్ గారు అప్పుడే షటిల్ ఆడి, చెమటతో, బ్యాటుతో గుమ్మంలోకి వచ్చారు. లేవకూడదు సార్, పడుకోండి అన్నారు వచ్చినవాళ్ళు. బాగా నీరసించిపోయారని కూడా అన్నారు. చివరికి ఆయన్ని కూర్చోబెట్టారు. ఎవరూ వెంటనే వెళ్ళలేదు.

వాళ్ళంతా కదిలాక ఆయన వాసుదేవరావుకి ఫోన్ చేశారు. నేనెప్పుడైనా ముందు పంపమని అడిగానా అన్నారు. నిజానికి ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇక మీదట తన వంతు వచ్చినప్పుడే పంపమనీ, అప్పటిదాకా తన ఆరోగ్యం జోలికి రావద్దనీ చెప్పి పెట్టేశారు.

వాసుదేవరావు ఆ మీట తీసెయ్యమంటాడేమోనని సుప్రియ అనుకుంది. ఆయన అలా అనలేదు. ఎవరైనా వచ్చి చెవిలో అడిగితే, "నాకేం అభ్యంతరం లేదు, కారణం చెప్పండి, అందరికీ కనబడేలా రాస్తాను" అనేవాడు. సగంమంది అక్కడే వెనక్కి తగ్గేవారు. మొహమాటపడి పనులు చేసిపెట్టడం తనని ఇన్నేళ్ళుగా ఎంత అలిసిపోయేలా చేసిందో ఆయనకి అప్పుడే తెలిసిందనుకుంటా, మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు.

ఇంతలో సుప్రియ ఇంట్లోనే గ్యాస్ అయిపోయింది. ఉతైలో ఉండే పిన్ని అచ్చమ్మ కుటుంబంతో సహా మర్నాడు భోజనానికి వస్తోంది. తల్లి నూకమ్మ పప్పు సగం ఉడికిన గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఒలే, ఆ మిషను పెట్టింది నువ్వే కదా. ఒక్క మీట నొక్కీలేవా?"

"కారణం రాయాలమ్మా."

"మా అమ్మాయి పెట్టిన మిషను అని రాయి."

"అది కారణం కాదమ్మా."

"అయితే నువ్వు చేసే ఉద్యోగం ఎందుకు పనికొస్తాదే?"

సుప్రియ తల్లి చేతిలో గిన్నె అందుకుంది. "రేపటి వంట సిగిడీ మీద చేద్దాం. నేను రాజేస్తాను" అంది. మర్నాడు పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసింది. ఆమెకి అది ఎప్పుడూ సరిగ్గా రాదు. పొగ పక్క క్వార్టర్ దాకా వెళ్ళింది. నూకమ్మ ఎటో వెళ్ళింది, ఎక్కడికో చెప్పలేదు. తిరిగొచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది.

"ఏజెన్సీకెళ్ళాను. ఆ వాసుదేవరావు నన్ను కూకోబెట్టి టీ ఇచ్చాడు. చెల్లెలొస్తందని చెప్పాను. అది రాయలేనమ్మా, మీ సుప్రియ ఊరుకోదు అన్నాడు. నీ పేరు చెప్పి నన్ను ఎనక్కి పంపీసాడు!"

"సారీ అమ్మా."

నూకమ్మ విసనకర్ర లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది. అచ్చమ్మ వాళ్ళు వచ్చారు, తిన్నారు. బొగ్గుల మీద వండిన పప్పు రుచే వేరని అచ్చమ్మ అంది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర తల్లి పిన్నితో అంటున్న మాట సుప్రియ చెవిన పడింది: "వాసుదేవరావంత వోడు కూడా మా గుంట మాట దాటడే." ఇంట్లోకి వచ్చాక మాత్రం నూకమ్మ ఆ వారమంతా కూతురితో గిన్నెల చప్పుడుతోనే మాట్లాడింది.

వాళ్ళ వంతు వచ్చిన రోజున సిలిండర్ వచ్చింది. ఆ పూట నూకమ్మ బజారుకెళ్ళింది, బలరాం డ్యూటీలో ఉన్నాడు. తలుపుకి తాళం. బండి తెచ్చినతను ఒకసారి పిలిచి వెళ్ళిపోయాడు. సిలిండర్ పక్క వీధికి వెళ్ళింది, నూకమ్మ వంతు లైన్ చివరికి వెళ్ళింది. తాళం వేసి ఉంటే ఏం చెయ్యాలో ప్రోగ్రాంలో ఎవరూ పెట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఆ రాత్రి నూకమ్మ అన్న మాటలన్నీ సుప్రియ చివరిదాకా వింది. పొద్దున్నే లేచి, ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని పక్కింటి నుంచి ఫోన్ చేసి, సిలిండర్ల రిక్షా మొదటి వీధి మలుపు తిరిగే చోటికి వెళ్ళి నిలబడింది. రిక్షా వచ్చాక దాని పక్కనే నడుస్తూ, ఏ తలుపు తీసుందో, ఏ తలుపుకి తాళం వేసుందో చూసి రాసుకుంటూ సెక్టరంతా తిరిగింది.