నల్లమ్మి కోసం కొన్న గడ్డి మిషను

మా ఇంట్లో గేదె మేత గురించి ఆలోచించేది నేను. మాట్లాడేది మా ఆయన బంగారురాజు.

పోయినేడాది కోత మిషను వరి కోసేసి, గడ్డిని చేనంతా చల్లేసి పోయింది. ఏరడానికి మనుషులు దొరికేలోగా వాన పడి అంతా కుళ్లిపోయింది. మేత లేక ఉన్న రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్ముకున్నాం. అది వ్యానెక్కనని మొండికేస్తుంటే చూడలేక పాకలోకి పోయి ఏడ్చాను. ఇక మిగిలింది నల్లమ్మి. ఇప్పుడది చూడిది. ఈసారి కూడా గడ్డి పోతే దాన్నీ వ్యానెక్కించాల్సిందే.

అందుకని ఈ ఏడు చెదిరిన గడ్డిని వరసగా పోగుచేసే మిషను కొనాలని తీర్మానం జరిగింది. తీర్మానమంటే మరేం లేదు. మా ఆయనా, మా తమ్ముడు ధర్మేంద్రా అరుగు మీద కూర్చుని ఫోనులో వీడియోలు చూడటం. ఆ వీడియోల్లో ఒక్కో చేను మా ఊరంత ఉంది, వెతికినా గట్టు కనపడదు.

"సూసినావా బావా, తల దువ్వినట్టు దువ్వుతున్నాది!" అన్నాడు ధర్మేంద్ర.

"మన మడి ఆ మిషనంతైనా ఉంటాదేట్రా?" అన్నాను.

"నీకు తెల్దప్పా, ఇది టెక్నాలజీ."

వాడికి విజయనగరంలో సెల్‌ఫోన్ల కొట్లో పని. పాక పక్కనుంచి వెళ్లాలంటే ముక్కు మూసుకుంటాడు. గడ్డి మిషను ఎంచడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

మర్నాడు ఇద్దరూ శ్రీకాకుళం బయల్దేరారు. మోటారు సైకిలు మీద ఇద్దరికే చోటు. గేదెకి మేత వేసేదాన్ని కాబట్టి నేను ఇంట్లోనే ఉండాలట. కొట్లో జరిగిందంతా సాయంత్రం ధర్మేంద్రే గొప్పగా చెప్పాడు.

కొట్టాయన రెండు మిషన్లు చూపించాడట. ఒకటి చిన్నది. దాని పళ్లు నేలకి తగలకుండా కావలసినంత ఎత్తులో పెట్టుకోవచ్చు. రెండోది పెద్దది. పెద్ద పెద్ద చక్రాలు, వాటి చుట్టూ ఇనుప పళ్లు, నేలని రాసుకుంటూ తిరుగుతాయి. ఒక్క పరక కూడా వదలదు. కొట్టాయన తెలివైనవాడే, ముందుగా ఒక మాట అడిగాడట.

"కోతయ్యాక మీ సేన్లో గడ్డి కింద ఏటుంటాదండీ?"

"ఏటుంటాది? నేలుంటాది," అన్నాడట మా ఆయన. ఆ జవాబుకి ఇద్దరూ నవ్వుకున్నారట కూడా.

పెద్దదే కొన్నారు. ఎర్రగా ఉంది, పైగా పక్క చేను జగన్నాధం దగ్గరున్న దానికన్నా పెద్దది. ఇంకేం కారణాలు కావాలి? అద్దె ట్రాక్టరుకి తగిలించి, దారిలో అరసవల్లి గుడికి తీసుకెళ్లి పసుపూ కుంకుమా పెట్టించి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించారు. చేలో ఒక్క అడుగైనా వేయని మిషనుకి దిష్టి మాత్రం ముందే తీసేశారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో వరి ఆయనది, మినుము నాది. కోతకి ముందు, వరి నిలబడి ఉండగానే, నేలలో పదును ఆరకముందే మినుములు చల్లేస్తాం. వరి కోసి గడ్డి తీసేవేళకి కింద మొలకలు సిద్ధంగా ఉంటాయి. చల్లేది ఆడవాళ్లం, పీకేదీ ఆడవాళ్లమే. అందుకే మగాళ్ల లెక్కలో అది పంట కాదు. మా ఆయనకి మినపట్టు తినేటప్పుడు మినుము గుర్తుంటుంది. మిషను కొనేటప్పుడు గుర్తుండదు.

కోత అయ్యింది. గడ్డి ఆరుతుండగా సముద్రంలో అల్పపీడనం పుట్టిందన్నారు. మబ్బు పట్టింది. మా ఆయన పెళ్లికొడుకులా అద్దె ట్రాక్టరెక్కాడు. ధర్మేంద్ర గట్టు మీంచి వీడియో తీస్తున్నాడు. మొదటి మడిలో మిషను తిరిగింది. గడ్డి అందంగా వరస కట్టింది, కాదనను. వంగి చేత్తో ఎత్తి చూశాను. గడ్డిలో సగం మట్టిబెడ్డలు. వాటి మధ్య నా మినప మొలకలు, రెండేసి ఆకులతో, వేళ్లు వేలాడేసుకుని. పరుగున పోయి ట్రాక్టరుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఒసే పద్మా, తప్పుకో! వానొచ్చేస్తన్నాది. గడ్డి తడిసిపోతే నల్లమ్మి ఎల్లిపోతాది!"

"ఈ మట్టి తిని నల్లమ్మి ఈనుతాదేటి? గడ్డి కింద నేలుంటాదన్నావు కదా, సూడు నీ నేల! దిగు మావా. ఒరే ధర్మా, ఆ ఫోను జేబులో పెట్టి నువ్వూ రా!"

మా ఆయన దిగి ఒక పిడికెడు గడ్డి తీసి చూశాడు. మొలకల్ని చూసి, తిరిగి వెళ్లి ట్రాక్టరు ఇంజను ఆపేశాడు. బతుకులో మొదటిసారి నా మాట విన్నాడు.

మిగిలిన మడుల్లో గడ్డిని పైపైన చేతులతోనే తీశాం. ధర్మేంద్ర నెత్తిన మోపులు మోశాడు. మెడ పట్టేసింది, చొక్కా నిండా దురద, ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. టెక్నాలజీ గురించి మళ్లీ అడుగుదామనుకున్నాను గానీ పాపమనిపించింది. చీకటి పడేవేళకి వాన దిగింది. పల్లపు మడి గడ్డి తడిసిపోయింది. మిగతాదంతా పాకలోకి చేరింది. నల్లమ్మికి అది చాలు. నేను దాని మెడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. నా కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడలేదనుకుంటాను.

దువ్వేసిన మడిలో మా ఆయనే మళ్లీ మినుములు చల్లాడు. ఒకచోట గుప్పెడు, ఇంకోచోట బోడి. అయినా చల్లనిచ్చాను.

మిషను పాక పక్కన నిలిచిపోయింది. నల్లమ్మి కట్టుగొయ్య వానకి నాని ఊడిపోతే, పలుపు తీసుకెళ్లి ఆ ఎర్ర మిషనుకే కట్టేశాను. మర్నాడు పొద్దున్నే జగన్నాధం వచ్చి వాకిట్లోంచి అడిగాడు.

"ఎలాగున్నాది బావా, కొత్త మిషను?"

మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మా గట్టి మిషను బావా. ఎంత లాగినా కదల్దు."

అబద్ధం కాదు. రాత్రంతా నల్లమ్మి లాగుతూనే ఉంది.